సైకిల్ బోల్టు పోయిందా? బెజవాడలో ఏ కొట్టుకి వెళ్ళాలి, ఏది అడగాలి

సైకిల్‌కి ఒక బోల్టు ఊడిపోతే మనవాళ్ళలో ఎక్కువమంది చేసే పని ఒక్కటే, ఇంట్లో మేకులూ స్క్రూలూ కలిపి పడేసిన డబ్బా తీసి, అందులోంచి అటూ ఇటూగా సరిపోయేలా ఉన్నదాన్ని ఏరి తిప్పి చూడటం. రెండు మరలు ఎక్కిందంటే చాలు, ఇదేనని పానా పెట్టేస్తారు. మూడో చుట్టుకి గట్టిగా పట్టేస్తుంది, బిగిసిందనుకుంటారు. అది బిగియడం కాదు, ఫ్రేమ్‌లో ఉన్న మరని తినేయడం. బోల్టు ఖరీదు చిల్లర డబ్బులు, దాని మూలంగా పాడయ్యే ఫ్రేమో, హ్యాండిల్‌ని ముందు ఫోర్కుకి కలిపే స్టెమ్మో కొనాలంటే వేలు. అందుకే ఏ కొట్టు, ఏ లోహం, ఏ సైజు అన్నది కాస్త వివరంగానే రాస్తున్నా.

కొట్టుకి బయల్దేరే ముందు ఒకటి ఆలోచించండి, ఈ బోల్టు నడిరోడ్డు మీద విరిగితే ఏమవుతుంది? బాటిల్ స్టాండుదైతే బాటిల్ కింద పడుతుంది, అంతే. మడ్‌గార్డుదైతే ఇంటికొచ్చేదాకా గలగలమంటూనే ఉంటుంది. అదే హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ బోల్టు, సీటు బోల్టు, బ్రేకు బోల్టు, చక్రం ఇరుసు నట్టు అయితే పళ్ళు రాలతాయి. కనకదుర్గ ఫ్లైఓవర్ దిగేటప్పుడు స్పీడు మీద హ్యాండిల్ చేతిలో తిరిగిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదటి రకానికి ఎక్కడ కొన్నా పర్లేదు, తుప్పు పట్టకపోతే చాలు. రెండో రకానికి ముందు బలం, తుప్పు తర్వాతి సంగతి. కింద చెప్పేదంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

ఇక సైజులు. గేర్ సైకిళ్ళలో బయటికి కనిపించే బోల్టుల్లో ఎక్కువ భాగం ఎమ్5, ఎమ్6, ఈ రెండే. ఎమ్5 అంటే మర బయటి కొలత 5 మిల్లీమీటర్లు, ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం, అంటే పిచ్, 0.8 మిల్లీమీటర్లు. బాటిల్ స్టాండు, క్యారియర్, మడ్‌గార్డు, చాలా స్టెమ్‌ల ముందు ప్లేటు, ఇవన్నీ సాధారణంగా ఎమ్5. ఎమ్6కి పిచ్ 1 మిల్లీమీటరు, డిస్క్‌ని నొక్కి పట్టే డిస్క్ బ్రేకు కాలిపర్‌ని ఫ్రేమ్‌కి పట్టే బోల్టులు, రిమ్ముని రెండు పక్కలా నొక్కే వి-బ్రేకు బోల్టులు, కొన్ని సీటు క్లాంపులు దీంట్లోకి వస్తాయి. సులువైన గుర్తు ఏంటంటే, స్థూపంలా నిటారుగా ఉన్న తల అల్లెన్ బోల్టుకి, అంటే తల మధ్యలో ఆరు పలకల గుంట ఉండే బోల్టుకి, 4 నంబర్ కీ పడితే అది ఎమ్5, 5 నంబర్ పడితే ఎమ్6, 6 నంబర్ పడితే ఎమ్8. కానీ తల ఉబ్బెత్తుగా, పలచగా ఉండే బటన్ హెడ్‌కి ఈ లెక్క మారుతుంది, ఎమ్5కి 3 నంబర్, ఎమ్6కి 4 నంబర్. తల ఆకారం చూడకుండా కీ ఒక్కటే చూస్తే తప్పు బోల్టు ఇంటికొస్తుంది.

మందం కొలిచే వెర్నియర్ ఉంటే ఇంకా మంచిది, చవకది చాలు. ఒకటి గుర్తుంచుకోండి, ఎమ్5 బోల్టుని కొలిస్తే సరిగ్గా 5 రాదు, 4.8, 4.9 అలా వస్తుంది. ఎమ్6 అయితే 5.8, 5.9. ఆ కాస్త తగ్గడం మామూలే, "అరిగిపోయింది" అని కొట్టువాడు అంటే పట్టించుకోకండి. పిచ్ చూడటానికి గేజ్ లేకపోయినా పర్లేదు. పాత బోల్టునీ కొత్త బోల్టునీ పక్కపక్కన ఆనించి, మరల్లో మరలు దూరేలా పెట్టి, ట్యూబులైటు వైపు పట్టి చూడండి. రెండూ ఒకే పిచ్ అయితే మధ్యలో ఎక్కడా వెలుతురు రాదు. తేడా ఉంటే ఒక చివర కలుస్తాయి, రెండో చివరకి వచ్చేసరికి మర మీద మర ఎక్కి సందు కనిపిస్తుంది. ఊడిపోయిన బోల్టు దొరక్కపోతే దాని జోడీని విప్పి పట్టుకెళ్ళండి. బాటిల్ స్టాండుకి ఎలాగూ రెండు ఉంటాయి, స్టెమ్‌కి నాలుగు. ఫోన్లో ఫొటో తీసుకెళ్తే కొట్టులో పని జరగదు, పిచ్ ఫొటోలో కనపడదు.

కొట్టులో అడిగేటప్పుడు వచ్చే గందరగోళం ఒకటుంది. మెకానిక్‌లు బోల్టుని పానా నంబరుతో పిలుస్తారు. "పది నంబర్ బోల్టు" అన్నారంటే 10 నంబర్ పానా పట్టే బోల్టు, అంటే మర లెక్కలో ఎమ్6. మీరు ఎమ్10 అనుకుని తల ఊపితే ఒకటి, మీరు ఎమ్6 అంటే ఆయన 6 నంబర్ అల్లెన్ కీ పట్టే బోల్టు ఇస్తే, అంటే ఎమ్8 ఇస్తే, ఇంకొకటి. కాబట్టి ఇలా అడగండి: "అన్నా, మర ఐదు మిల్లీమీటర్లు, పొడవు పదహారు, అల్లెన్ తల, నాలుగు ఇవ్వండి." ఆయన "ఏ బండికి?" అంటాడు. సైకిల్‌కి అని చెప్పగానే సగం మంది ఆసక్తి తగ్గిపోయి ఏదో ఒకటి చేతిలో పెడతారు, అందుకని శాంపిల్ బోల్టుకి సరిపోయే నట్టు ఒకటి జేబులో ఉంచుకోండి. ఇచ్చిన బోల్టుని ఆ నట్టులో వేళ్ళతోనే చివరిదాకా తిప్పండి. పానా అవసరమైందంటే అది మీ బోల్టు కాదు.

ఇప్పుడు కొట్ల సంగతి.

వీధి చివర పంచర్లు వేసే సైకిల్ షాపుని తక్కువ అంచనా వేయొద్దు. నల్ల సైకిల్, ఆ పాత భారీ సైకిల్ ఉందంటే దాని సామాను దొరికేది అక్కడే. ప్యాడిల్ చేతిని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను, ఇరుసు నట్లు, సీటు క్లిప్పు బోల్టు, బ్రేకు వైరు దూరడానికి మధ్యలో బెజ్జం ఉండే చిన్న బోల్టు, ఇవి ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. కానీ అదే షాపులో గేర్ సైకిల్ స్టెమ్ బోల్టు అడిగితే తల మీద ఏ గుర్తూ లేని మెత్తటి బోల్టు ఇస్తారు. అది తీసుకోకండి.

తలుపు బందులూ గొళ్ళేలూ అమ్మే హార్డ్‌వేర్ కొట్టు ఈ పనికి అన్నిటికన్నా ప్రమాదం, నా ఉద్దేశంలో. అక్కడ ఇంకా అంగుళాల లెక్క నడుస్తుంది. పావంగుళం బోల్టు అంటే 6.35 మిల్లీమీటర్లు, అంగుళానికి 20 మరలు. ఎమ్6 బెజ్జంలో అది పట్టదు, బలవంతంగా తిప్పితే మర పోతుంది. దానికన్నా సన్నగా ఉండే మూడు పదహారోవంతు అంగుళం బోల్టు ఇంకా మోసం చేస్తుంది, 4.76 మిల్లీమీటర్లు కాబట్టి ఎమ్5 బెజ్జంలో నోటి దగ్గర హాయిగా దూరుతుంది, పిచ్ వేరు కాబట్టి తర్వాత ఇరుక్కుంటుంది. మొదట్లో చెప్పిన మూడో చుట్టు కథ ఇదే.

మోటార్ సైకిల్ స్పేర్ పార్టుల షాపు మాత్రం చాలామందికి తట్టని మంచి దారి. మన బైకుల మీద ఎమ్6, ఎమ్8 బోల్టులు ఎక్కువ, అవి మెట్రిక్, అంటే మిల్లీమీటర్ల లెక్కవి, పిచ్ మామూలుదే, పైగా ఇంజను కవర్లకీ అలాంటి వాటికీ వాడేవి కాబట్టి మరీ మెత్తగా ఉండవు. కాలిపర్ బోల్టు అత్యవసరంగా కావాలి, ఆటోనగర్ దాకా వెళ్ళే టైము లేదు అంటే ఇక్కడ ఎమ్6 అల్లెన్ బోల్టు అడగండి, తల మీద 8.8 గానీ అంతకన్నా పెద్ద గుర్తు గానీ ఉందో లేదో చూసుకోండి, అది బోల్టు బలం చెప్పే అంకె, కింద వివరిస్తా. ఎమ్5 ఇక్కడ తక్కువ దొరుకుతుంది.

ఆటోనగర్ సరే సరి. బెంజ్ సర్కిల్, పటమట మీదుగా లోపలికి వెళ్తే బోల్టులూ నట్లూ మాత్రమే అమ్మే కొట్లు ఉంటాయి, గోడ పొడుగునా చిన్న చిన్న డ్రాయర్లు, ప్రతిదాని మీద సైజు రాసి ఉంటుంది. గుంటూరువాళ్ళకి గుంటూరులోనూ ఆటోనగర్ ఉంది, దీనికోసం కృష్ణ దాటి రానక్కర్లేదు. లారీల బోల్టులు అమ్మేచోట సైకిల్‌కి నాలుగు బోల్టులు అడగడానికి మొహమాటపడతారు కొందరు, ఆ మొహమాటం వదిలేయండి, కాకపోతే లారీ మెకానిక్‌లు క్యూ కట్టే పొద్దుటి పూట కాకుండా మధ్యాహ్నం వెళ్తే కాస్త తీరిగ్గా చూపిస్తారు. అన్‌బ్రాకో, టీవీఎస్ లాంటి పేర్లున్న అల్లెన్ బోల్టులు అడగండి, 12.9 గుర్తు ఉంటుంది. ఇంకో లాభం, పక్కనే లేత్ వర్క్స్ ఉంటాయి. మర పోయిన బెజ్జానికి ట్యాప్ కొట్టించడమైనా, అంటే మర మళ్ళీ కోయించడమైనా, విరిగి లోపల ఉండిపోయిన ముక్క తీయించడమైనా ఒకే ట్రిప్పులో అయిపోతుంది.

ఆన్‌లైన్‌లో డబ్బా డబ్బాగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టుల సెట్లు ఉన్నాయి, బాటిల్ స్టాండుకీ మడ్‌గార్డుకీ అవి భేషుగ్గా పనికొస్తాయి. ఎర్రవీ నీలివీ రంగుల అల్యూమినియం బోల్టులు కూడా కనిపిస్తాయి, ముచ్చటగా ఉంటాయి, బాటిల్ స్టాండు దాటి ఎక్కడా పెట్టొద్దు. టైటానియం గురించి అడిగేవాళ్ళకి నా మాట: స్టీలు బరువులో సుమారు 60 శాతం ఉంటుంది, తుప్పు పట్టదు, బలమూ ఉంది, కానీ బ్యారేజీ దాకా వెళ్ళి ఇడ్లీ తిని వచ్చే మన రైడ్లకి ఆ కొన్ని గ్రాముల కోసం అంత డబ్బు దండగ.

లోహం దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే "స్టెయిన్‌లెస్ అయితే గట్టిది" అన్న నమ్మకం మనలో బలంగా పాతుకుపోయింది. నిజం వేరే. బోల్టు తల మీద 8.8 అని ఉంటే మొదటి 8 అంటే దాదాపు 800 మెగాపాస్కల్ దాకా లాగితే గానీ తెగదు, చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 దాకా సాగిపోకుండా ఆగుతుంది. 12.9 అయితే 1200, సాగేది 1080 దగ్గర. మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు మీద ఉండే ఏ2-70 గుర్తుకి తెగే హద్దు 700, సాగే హద్దు 450. అంటే మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టు, నల్లగా మొరటుగా కనిపించే 8.8 కన్నా ముందే సాగిపోతుంది. స్టెమ్‌కీ బ్రేకుకీ కంపెనీ ఇచ్చినది 10.9, 12.9 అయితే దాని స్థానంలో స్టెయిన్‌లెస్ పెట్టడం అంటే బలం తగ్గించుకోవడమే. కంపెనీ బోల్టే స్టెయిన్‌లెస్ అయితే అదే గుర్తున్నది పెట్టుకోవచ్చు.

అలాగని 12.9 అన్నిచోట్లా వేయమని కాదు. నల్ల పూత బోల్టుకి మన ఉక్కపోత పడదు. మే నెలలో నుదుటి చెమట సూటిగా స్టెమ్ మీదే పడుతుంది, నాలుగు రైడ్లకి తల గుంటలో ఎర్రటి పొడి మొదలవుతుంది. దానికి మందు కాస్త గ్రీజు, తల గుంటలో కూడా, వారానికోసారి గుడ్డతో తుడవడం. గుంటూరు నుంచి సూర్యలంకకో, ఇటు నుంచి బందరు వైపు మంగినపూడికో సముద్రం దాకా తొక్కేవాళ్ళు క్యారియర్, మడ్‌గార్డులకి ఏ4 గుర్తు స్టెయిన్‌లెస్ వెతుక్కోవచ్చు, ఉప్పుగాలికి ఏ2 కన్నా అది నిలబడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు సైకిళ్ళు కూడా రోజుల తరబడి బురద నీళ్ళలో ఉండిపోయాయి. అలాంటి సైకిల్ మీ దగ్గర ఇంకా ఉంటే బోల్టు పైకి బాగానే కనిపించినా ఒక్కొక్కటీ విప్పి మరలు చూడండి, తిన్నదాన్ని మార్చేయండి.

పొడవు విషయంలో అందరూ "కాస్త పెద్దదైతే ఏం పోయింది" అంటారు. చాలా పోతుంది. స్టెమ్ ముందు ప్లేటు బోల్టు దూరే బెజ్జాలు చాలా స్టెమ్‌లలో అవతలి వైపు మూసి ఉంటాయి. బోల్టు 2 మిల్లీమీటర్లు ఎక్కువైతే కొస వెళ్ళి అడుగున తగులుతుంది, కీ ఇక తిరగదు, చేతికి బిగిసినట్టే ఉంటుంది, ప్లేటు మాత్రం హ్యాండిల్‌ని పట్టుకోదు. క్యారియర్ బోల్టు వెనక గేర్ల వైపు పొడుగైతే లోపలికి పొడుచుకొచ్చి, చైను చిన్న గేరు మీద పడినప్పుడు దానికి తగులుతుంది. బాటిల్ స్టాండు బోల్టు మరీ పొడుగైతే ఫ్రేమ్ లోపల సీటు పోస్టుకి అడ్డం పడుతుంది. పొట్టిదీ మంచిది కాదు, అల్యూమినియంలో బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు మర పట్టి ఉండాలి, అంటే ఎమ్5కి ఏడెనిమిది మిల్లీమీటర్లు. కొట్లలో 10, 12, 16, 20, 25 పొడవులు తేలిగ్గా దొరుకుతాయి, 18 అడిగితే లేదంటారు. అప్పుడు 20ది కొని, ముందు దానికి ఒక నట్టు ఎక్కించి, హాక్సా బ్లేడుతో 2 మిల్లీమీటర్లు కోసి, కొస ఆకురాయితో సాపు చేసి, నట్టుని వెనక్కి తిప్పి తీయండి, కోతకి చెదిరిన మర ఆ నట్టుతోనే సర్దుకుంటుంది. పొడవు కొలిచేటప్పుడు తల వదిలేసి కొలవాలి, తల మొత్తం లోపలికి దిగిపోయే కౌంటర్‌సంక్ బోల్టుకి మాత్రం తలతో కలిపి.

కొన్నిటికి ఏ కొట్టులోనూ ప్రత్యామ్నాయం వెతకొద్దు, ఆ భాగం కోసమే చేసింది కొనండి. డిస్క్‌ని చక్రానికి పట్టే ఆరు బోల్టులు ఎమ్5వే, కానీ తల బాగా పలచగా ఉంటుంది, నక్షత్రం ఆకారం గుంటకి టీ25 కీ పడుతుంది. మామూలు అల్లెన్ బోల్టు పెడితే ఆ ఎత్తు తల కాలిపర్‌కో ఫోర్కుకో తగలొచ్చు. ముందు పళ్ళ చక్రాన్ని పట్టే చైన్ వీల్ బోల్టులు ఎమ్8, పిచ్ 0.75, హార్డ్‌వేర్‌లో ఉండవు. ప్యాడిల్ బిగించే చేయిని, అంటే క్రాంకుని, నలుచదరం ఇరుసుకి పట్టే బోల్టు అన్నిటికన్నా మోసం, ఎమ్8 అనగానే కొట్టులో 1.25 పిచ్ ఇస్తారు, దీనికి కావాల్సింది 1. తిప్పారంటే ఇరుసు లోపలి మర పోయి మొత్తం బాటమ్ బ్రాకెట్, అంటే క్రాంకులు తిరిగే ఇరుసు సెట్టు, మార్చుకోవాలి. ప్యాడిల్ అయితే ఎడమది ఉల్టా మర, అది తెలియకుండా బలం చూపిస్తే క్రాంకుకే దెబ్బ.

నల్ల సైకిల్ ఇరుసు నట్ల గురించి విడిగా చెప్పాలి. వెనక ఇరుసు మూడు ఎనిమిదోవంతు అంగుళం, ముందుది అయిదు పదహారోవంతు అంగుళం, రెండిటికీ అంగుళానికి 26 మరలు. గేర్ సైకిళ్ళలో నట్టు ఉండే వెనక ఇరుసు ఎమ్10, పిచ్ 1. అంగుళానికి 26 మరలంటే పిచ్ 0.98 దగ్గర, కాబట్టి ఎమ్10 నట్టు ఆ పాత ఇరుసు మీద నోటి నుంచి చివరిదాకా జారుతూ వెళ్ళిపోతుంది, ఎక్కడా పట్టదు, సరిపోయిందనిపిస్తుంది. మర లోతు మాత్రం సగమే పడుతుంది, గట్టిగా బిగించిన రోజే జారిపోతుంది. నట్టు ఇరుసు మీద పక్కలకి ఊగుతుంటే అది ఆ ఇరుసుది కాదు.

బిగించే దగ్గర పెద్ద రహస్యాలేం లేవు. మర మీద కాస్త గ్రీజు రాయండి, స్టెయిన్‌లెస్ బోల్టు స్టెయిన్‌లెస్ నట్టులోకి వెళ్తుంటే తప్పనిసరి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుని ఇక ఊడవు. క్యారియర్‌కీ మడ్‌గార్డుకీ వెనక నట్టు పట్టే చోటుంటే లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు వేయండి, లేదా మర వదులు కాకుండా పట్టే నీలి రంగు థ్రెడ్ లాకర్ జిగురు ఒక చుక్క, మన రోడ్ల కుదుపులకి స్ప్రింగ్ వాషర్ ఒక్కటీ ఆగదు. స్టెమ్ ఎమ్5 బోల్టులకి బిగింపు సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు, స్టెమ్ మీదే అచ్చేసి ఉంటుంది, దాన్నే పాటించండి. బిగింపు కొలిచే టార్క్ రెంచి లేకపోతే అల్లెన్ కీ పొట్టి చేతిని పట్టుకుని రెండు వేళ్ళ బలంతో, నాలుగు బోల్టులనీ ఎదురెదురుగా కొంచెం కొంచెం. తల గుంట అరిగిపోయిన 4 నంబర్ బోల్టు ఊడకపోతే టీ25 బిట్టుని సుత్తితో మెల్లగా దిగగొట్టి తిప్పండి, చాలాసార్లు వచ్చేస్తుంది. రాకపోతే ఆటోనగర్ లేత్ వాళ్ళకే అప్పజెప్పండి, ఇంట్లో డ్రిల్లు పెట్టొద్దు.

ఎలాగూ కొట్టు దాకా వెళ్తున్నారు కాబట్టి ఎమ్5లో 12, 16, 20 పొడవులు స్టెయిన్‌లెస్‌వి నాలుగేసి, ఎమ్6లో 16, 20 పొడవులు 8.8 గానీ 12.9 గానీ రెండేసి, రెండు సైజులకీ నైలాక్ నట్లూ వాషర్లూ తెచ్చి సీటు కింద సంచిలో వేసుకోండి. స్టెయిన్‌లెస్‌వి ఒక కవర్లో, నల్లవి వేరే కవర్లో. కొత్త బోల్టు వేశాక మొదటి రైడు నుంచి రాగానే ఒకసారి మళ్ళీ కీ పెట్టి చూడండి, క్యారియర్ మీద బరువు వేసి తొక్కి ఉంటే మరీ ముఖ్యం, ముందు వదులయ్యేది ఇరుసు దగ్గరున్న కింది బోల్టే.